‘బైబిల్’ అనే మాట: బహువచనం ఏకవచనమైన వైనం

‘బైబిల్’ అన్న మాట బైబిల్‌లో ఎక్కడా లేదని ఒక ఆక్షేపణ తరచు వినిపిస్తుంది. గ్రంథం పేరుగా చూస్తే అది నిజమే. అయితే ఆ మాటకు మూలమైన గ్రీకు పదం అందులో పలుచోట్ల ఉంది. కాకపోతే అక్కడ దాని అర్థం పుస్తకమనో, గ్రంథపు చుట్ట (స్క్రోల్) అనో మాత్రమే.

ఈజిప్టులో నైలు నది ఒడ్డున పెరిగే పపైరస్ మొక్క కాండాన్ని పలుచని పొరలుగా చీల్చి, నిలువుగా ఒక వరుస, అడ్డంగా మరో వరుస పరిచి, అదిమి ఆరబెట్టి రాతకు పనికివచ్చే పత్రాలు తయారుచేసేవారు. ఆ మొక్కను గ్రీకులు ‘బుబ్లోస్’ లేదా ‘బిబ్లోస్’ అన్నారు. నేటి లెబనాన్‌లో ఉన్న ఒక ఫినీషియన్ రేవు పట్టణాన్ని కూడా వారు ఇదే పేరుతో పిలిచారు. యెహెజ్కేలు 27:9లో కనిపించే గెబలు ఆ పట్టణమే. పట్టణం పేరు పత్రానికి వచ్చిందా, పత్రం పేరే పట్టణానికి పడిందా అన్నది పండితుల మధ్య తేలని చర్చ. మాట మాత్రం రాత సామగ్రి నుంచి పుట్టిందే కాని, కొందరు ప్రచారం చేస్తున్నట్లు ఏ దేవత పేరు నుంచో పుట్టింది కాదు.

‘బిబ్లోస్’ నుంచి ‘బిబ్లియోన్’ (చిన్న పుస్తకం), దాని బహువచనంగా ‘బిబ్లియా’ (పుస్తకాలు) ఏర్పడ్డాయి. క్రీస్తుకు పూర్వమే గ్రీకు మాట్లాడే యూదులు తమ పవిత్ర రచనలను ఈ మాటతో పేర్కొన్నారు. 1 మక్కబీయులు 12:9లో ‘పరిశుద్ధ పుస్తకాలు’ అన్న ప్రయోగం స్పష్టంగా ఉంది. ప్రొటెస్టెంట్ల 66 పుస్తకాలలో ఈ మక్కబీయుల గ్రంథానికి చోటు లేదు. కథోలికుల 73లో ఉంది. కొత్త నిబంధన రచయితలు మాత్రం ఎక్కువగా ‘గ్రఫే’, అంటే రాత, అన్న మాటనే వాడారు. తెలుగు అనువాదంలోని ‘లేఖనము’ దానికి సరైన జోడు. రెండు నిబంధనలనూ కలిపి ‘బిబ్లియా’ అన్నవారిలో మొదటివాడిగా 4వ శతాబ్దపు క్రైస్తవ బోధకుడు యోహాను క్రిసోస్తోమును సాధారణంగా చెబుతారు.

అసలు విశేషం ఆ తరువాతిది. గ్రీకులో నపుంసకలింగ బహువచనమైన ‘బిబ్లియా’ లాటిన్‌లోకి వచ్చాక, ‘ఆ’కారాంతమైన స్త్రీలింగ ఏకవచనంలా వినిపించింది. మధ్యయుగంలో జనం దానిని అలాగే వాడసాగారు. ఇది వ్యాకరణంలో జరిగిన పొరపాటే కావచ్చు గాని, ఆ పొరపాటు నిలవడానికి పుస్తకం రూపం కూడా తోడ్పడిందని నాకనిపిస్తుంది. మృతసముద్రం దగ్గరి కుమ్రాన్ గుహలో దొరికిన యెషయా చర్మపు చుట్ట ఒక్కటే సుమారు 7.3 మీటర్ల పొడవుంది. అటువంటి చుట్టలన్నీ కలిసి ఒక అలమరా అవుతాయే తప్ప ఒక పుస్తకం కావు. బైబిల్‌ను లాటిన్‌లోకి అనువదించిన జెరోము ఈ రచనలను ‘బిబ్లియోథెకా’, అంటే గ్రంథాలయం, అన్నది అందుకే కాబోలు. చుట్టల స్థానంలో పుటలు కుట్టిన కోడెక్స్ వచ్చి, 4వ శతాబ్దపు గ్రీకు బైబిల్ చేతిరాత ప్రతి అయిన సినాయి ప్రతిలా అన్నీ ఒకే సంపుటంలో ఇమిడిన తరువాతే, ఒకటిగా చూడటం సాధ్యమైంది. లాటిన్ ఏకవచనం పాత ఫ్రెంచిలో ‘బిబ్ల్’ అయి, అక్కడి నుంచి ఇంగ్లీషుకూ, దాని ద్వారా తెలుగుకూ చేరింది.

ఇక మూలపదం ఉన్న చోటు చూడదలచినవారు 2 తిమోతి 4:13 తెరవవచ్చు. త్రోయ పట్టణంలో వదిలివచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని పౌలు అడుగుతాడు. అక్కడ ‘పుస్తకాలు’ అన్నచోట గ్రీకులో ఉన్నది ‘బిబ్లియా’యే.