నాలుగింటి చాయ్, తొమ్మిదింటి నిద్ర

"నైట్ డ్యూటీలో రాత్రంతా మేలుకునే ఉన్నా కదా మేడమ్, హాస్టల్‌కొచ్చి పడుకుంటే తొమ్మిదైనా కన్ను అంటుకోదేం?" ఆన్‌లైన్ క్లాసులో ఓ నర్సింగ్ విద్యార్థిని ప్రశ్న ఇది. మధ్యలో ఏమైనా తాగావా అంటే, నాలుగింటికి ఇరానీ చాయ్ అంది.

నిద్ర దశలు, ఎన్ని గంటలు పడుకోవాలి లాంటివి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నాకిష్టమైన కథ అడినోసిన్‌ది, అంటే మెదడులో నిద్ర మత్తు తెచ్చే రసాయనానిది. మెదడు కణాలు తమ ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేసేకొద్దీ ఇది పోగవుతుంది. వెళ్లి కణాల మీద తనకోసం ఉన్న సీట్లలో, అంటే గ్రాహకాల్లో, కూర్చుంటే మనకు కళ్లు మూతలు పడతాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, కెఫీన్ ఆ కర్చీఫే. అడినోసిన్‌ని కూర్చోనివ్వదు. అంతమాత్రాన ఎక్కేవాళ్లు ఆగరుగా! లోపల నిలబడేవాళ్లు నిలబడుతూనే ఉంటారు, ఫుట్‌బోర్డు దాకా. కర్చీఫ్‌లు తీసేకొద్దీ అందరూ సీట్ల మీద పడతారు. టీ ప్రభావం దిగాక ముంచుకొచ్చే మత్తు అదే.

ఆ కర్చీఫ్‌లు తీసే కండక్టరు కాలేయంలోని సీవైపీ1ఏ2 ఎంజైమ్. సగం తీయడానికి సుమారు 5 గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో ఇంచుమించు రెట్టింపు. అంటే నాలుగింటి చాయ్‌లో సగం కెఫీన్ తొమ్మిదింటికి ఒంట్లోనే ఉంది.

దీనికి తోడు పొద్దుటి ఎండ. కంట్లో మెలనాప్సిన్ అనే, వెలుగును పసిగట్టే పదార్థం ఉన్న కణాలు 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి బాగా స్పందించి, మెదడులో ఒంటి గడియారంలా పనిచేసే సుప్రాకయాస్మాటిక్ కేంద్రకానికి తెల్లారిందని కబురు పెడతాయి. ఎంత అలసినా ఆ గడియారం ఒప్పుకోదు. మేలుకున్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి, గడియారం రెండూ కలిస్తేనే మంచి నిద్ర అని 1982లో నిద్ర పరిశోధకుడు బోర్బెలీ చెప్పింది ఇదే. డ్యూటీ దిగి బస్సెక్కేటప్పుడు ఆ ఎండ కంట్లో పడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే స్టైలని నవ్వుతారు, నవ్వనివ్వండి.

అన్నట్టు, నిద్రలో గుండెల మీద దెయ్యం కూర్చుందని చెప్పే పేషెంటుని కూడా నర్సు కొట్టిపారేయకూడదు. కలల నిద్రలో కండరాలు సడలిపోయి ఉండగానే మెలకువ వస్తే అలాగే అనిపిస్తుంది. నిద్ర వేళలు తప్పేవాళ్లకి ఇది మరీ ఎక్కువ.

ఇక ఇదంతా చెప్పడానికి పొద్దున పదింటికి లైవ్ క్లాసు పెట్టి హాజరు తీసుకోవడం నాకు మింగుడుపడదు. నైట్ చేసొచ్చిన పిల్లని నిద్ర పాఠం కోసం నిద్ర లేపుతామా? రికార్డు చేసి, చిన్న చిన్న ముక్కలుగా పెట్టాలి. పరీక్ష బదులు ఫోన్లోనే నిద్ర డైరీ: చివరి టీ ఎన్నింటికి, నిద్ర పట్టింది ఎన్నింటికి. రెండు వారాలు నింపితే తన కండక్టరు ఎంత చురుకో ఎవరికి వారికే కాస్త అంచనా దొరుకుతుంది.