ఆయిల్ లైటు: షెడ్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

మొన్నటి దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు ఒక కారును ట్రాక్టరుకు తాడు కట్టి రావులపాలెంలోని మా షెడ్డుకు లాక్కొచ్చారు. యజమాని దిగుతూనే, "ఆయిల్ నిండుగానే ఉందండీ మేస్త్రిగారూ, లైటే ఊరికే వెలిగింది" అన్నాడు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూశాను. నిజమే, ఆయిల్ పై గీతను తాకుతోంది. ఇంజిన్‌ను తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, బోల్టుకు పానా వేసి తిప్పబోతే మాత్రం ఇంజిన్ కదలలేదు.

అపోహ: ఎర్ర లైటు వెలిగితే ఆయిల్ తగ్గినట్టు. నిండుగా ఉంటే భయం లేదు.

డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆ నూనె డబ్బా బొమ్మ ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఎంత ఒత్తిడితో పారుతోందో చెబుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా శివారు చేలు ఎండిపోవడం మన రైతులకు కొత్త కాదు కదా, ఇదీ అంతే. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరులో ఉన్న ఆయిల్‌ను పంపు లాగి క్రాంకు బేరింగుల దాకా తోయాలి. ఆ తోపు లేకపోతే లోపల ఎన్ని లీటర్లున్నా ఇనుముకు ఇనుమే రాసుకుంటుంది. మట్టం తగ్గితే పసుపు లైటు వేరుగా వెలిగే కార్లున్నాయి. రెండింటినీ కలిపి చూడకండి.

ఆ కారు సంగతికి వస్తే, కోతల రోజుల్లో మన రోడ్లలో సగం ధాన్యపు కళ్లాలే. ఆరబోసిన వడ్ల మీదికి బళ్లు రాకుండా అంచున రాళ్లు పెడతారు. ఎదురుగా లారీ వస్తే ఈయన పక్కకు తీశాడు, కింద రాయి తగిలింది. చాంబరు పగల్లేదు, బొట్టు కూడా కారలేదు, లోపలికి సొట్ట పడింది. ఆయిల్ లాగే గొట్టం చివరి జల్లెడకూ చాంబరు అడుగుకూ మధ్య ఉండేది కొద్ది మిల్లీమీటర్లే. సొట్ట వెళ్లి జల్లెడ మూతిని మూసేసింది. చెరువు మోటారు ఫుట్‌వాల్వు బురదలో కూరుకుపోతే ఏమవుతుందో రొయ్యల రైతును అడిగితే చెబుతాడు. ఆయిల్ దించి తెల్లటి పాత పంచె ముక్కలో వడకట్టాను. గుడ్డ మీద వెండి పొడి చల్లినట్టు బేరింగు రజను మిగిలింది.

అపోహ: ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా, నెమ్మదిగా వెళ్తే ఏమీ కాదు.

ఆయన చేసింది ఇదే. పంపును తిప్పేది ఇంజినే కాబట్టి ఇంజిన్ నెమ్మదిస్తే ఒత్తిడి ఇంకా పడిపోతుంది. అలాగని గట్టిగా తొక్కమని అర్థం కాదు, పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయమని. చాలా ఇంజిన్లలో వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఒత్తిడి సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), పరుగులో 3 నుంచి 4 బార్ ఉంటుంది. లైటు స్విచ్ మామూలుగా 0.3, 0.5 బార్ మధ్యకు పడిపోయాకే పనిచేస్తుంది. అంటే లైటు వెలిగేసరికే పరిస్థితి అడుగంటింది.

కట్టేశాక ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. కాలువ గట్టు వాలులో చూస్తే లెక్క తప్పుతుంది, చదునైన చోట చూడాలి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు. కింది గీతకు దిగువన ఉంటే సరైన గ్రేడు ఆయిల్ పోసి స్టార్ట్ చేయవచ్చు. కొద్ది సెకన్లలో లైటు ఆరకపోతే మళ్లీ కట్టేసి బండిని లాగించుకోవడమే.

అపోహ: ఆయిల్ ఎక్కువుంటే మంచిదే.

పై గీత దాటితే క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది. పంపు నురగను సరిగా తోయలేదు. అసలు భయపడాల్సింది పోయకుండానే మట్టం పెరిగినప్పుడు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో పొగ గొట్టం ఫిల్టర్‌లో పేరుకున్న మసిని కాల్చడానికి ఇంజినే అదనంగా డీజిల్ చల్లుతుంది. రోజూ ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే బండిలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది, మిగిలిన డీజిల్ చాంబరులోకి జారుతుంది. ఆయిల్ పలచబడుతుంది, డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. 2022 జూలై వరదల్లో లంకల్లో నీట నిలిచినట్టు మళ్లీ కారు మునిగితే మాత్రం సెల్ఫ్ కొట్టకండి. ముందు డిప్‌స్టిక్ తీయండి. పాలు కలిపిన టీ రంగుంటే అందులో నీళ్లున్నాయి.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

లైటు ఆరవచ్చు, అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది. 5డబ్ల్యూ-30 అనే పలచటి గ్రేడు అడిగే ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 అనే చిక్కటిది పోస్తే చల్లటి ఇంజిన్‌లో అది పైదాకా ఎక్కడం ఆలస్యమవుతుంది. బండి అమ్మేముందు ఈ పని చేసేవాళ్లున్నారు, కొనేవాళ్లు గమనించండి.

అపోహ: అంతా సెన్సార్ తప్పే.

కొన్నిసార్లు నిజమే. సముద్రగాలి తగిలే ఊళ్ల నుంచి, ఉప్పునీటి చెరువుల పక్క నుంచి వచ్చే బళ్లలో స్విచ్ కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఒకే వైరున్న పాత స్విచ్ అయితే తాళం తిప్పి ఆ వైరు పీకండి. లైటు ఆరకపోతే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టు. కానీ సెన్సార్ అని తీర్పు చెప్పేముందు స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మీటరు బిగించి ఒత్తిడి కొలవాల్సిందే. పావుగంట పని. ముల్లు సరిగ్గా ఉంటే స్విచ్ మార్చుకోండి. పడిపోయి ఉంటే ఫిల్టర్, జల్లెడ, ఎక్కువైన ఒత్తిడిని వదిలే రిలీఫ్ వాల్వు, పంపు, ఆఖరున బేరింగులు, ఈ వరసలో చూడాలి. మీటరు పెట్టకుండానే పంపు మార్చాలన్న మేస్త్రిని ఒక ప్రశ్న వేయండి: "ఎన్ని బార్ చూపించిందండీ?"

ఈ వరస నాకు తప్పు చేశాకే వంటబట్టింది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక కారుకు చాంబరు బిగిస్తూ ప్యాకింగ్ గమ్ము ధారాళంగా పూశాను. నెల తిరక్కుండా లైటు వెలుగుతోందని వచ్చింది. తొందరపడి కొత్త పంపు తెప్పించి, చాంబరు విప్పాను. జల్లెడ నిండా నల్లటి రబ్బరు తునకలు, నేను పూసిన గమ్మే. పంపు డబ్బు తీసుకోలేదు. ఆ పంపు ఇప్పటికీ పెట్టె విప్పకుండా అటక మీదే ఉంది.