110 పౌండ్లకి అమ్ముడైపోయిన ప్రేమకథ

ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ మీద కొత్త సినిమానో సిరీసో వస్తోందంటే చాలు, మళ్ళీ అదే గొడవ మొదలవుతుంది: హీరో డార్సీగా ఎవరు, 1995 బీబీసీ సీరియల్‌లో ఆ వేషం వేసిన కాలిన్ ఫర్త్‌ని మించగలడా, హీరోయిన్ ఎలిజబెత్‌గా ఈ అమ్మాయి సెట్ అవుతుందా అని. జేన్ ఆస్టెన్ అనే ఇంగ్లీషు రచయిత్రి రాయగా 1813లో వచ్చిన నవల ఇది. 2003లో బీబీసీ వాళ్ళు జనానికి ఇష్టమైన నవలేదో చెప్పమని ఓటింగ్ పెడితే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తర్వాత ఇదే రెండోది. దాంతో చాలామంది ఈ నవల అచ్చయిన రోజు నుంచీ జనం దీన్ని నెత్తిన పెట్టుకున్నారనుకుంటారు. అలా ఏం కాదు, మధ్యలో చాలా కథ జరిగింది.

జేన్ ఆస్టెన్ దీన్ని మొదలుపెట్టింది 1796 అక్టోబర్‌లో, హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే పల్లెటూళ్ళో, అప్పటికి ఆవిడకి ఇంకా ఇరవై ఒకటి కూడా నిండలేదు. అప్పుడు పేరు ఫస్ట్ ఇంప్రెషన్స్. 1797 నవంబర్‌లో వాళ్ళ నాన్న (చర్చి ఫాదర్ లెండి) లండన్‌లో క్యాడెల్ అనే పబ్లిషర్‌కి ఉత్తరం రాసి, మా దగ్గరో నవల ఉంది చూస్తారా అని అడిగితే, వాళ్ళు చూడకుండానే వద్దని తిప్పి పంపేశారు. ఆ తర్వాత పదిహేనేళ్ళు అది ఇంట్లోనే ఉండిపోయింది. ఈలోపు ఆ పేరుతో వేరేవాళ్ళ నవల వచ్చేయడంతో టైటిల్ మార్చాల్సి వచ్చింది, కొత్త టైటిల్‌లోని మాట ఫ్యానీ బర్నీ అనే ఇంకో రచయిత్రి నవల చివర్లో కనిపిస్తుంది.

చివరికి ఎగర్టన్ అనే పబ్లిషర్ ఒప్పుకున్నాడు. ఆవిడ 150 పౌండ్లు అడిగితే ఆయన 110 ఇచ్చి మొత్తం హక్కులు రాయించేసుకున్నాడు. 1813 జనవరి 28న మూడు భాగాలుగా, 18 షిల్లింగుల ధరకి బయటికొచ్చింది, అదే ఏడాది రెండో ఎడిషన్ కూడా వేశారు, కానీ ఆ లాభంలో ఆవిడకి పైసా రాలేదు. పుస్తకం మీద పేరు కూడా లేదు, ఫలానా నవల రాసిన రచయిత్రే ఇదీ రాసింది అని ఉంటుందంతే.

డబ్బు గురించి ఇంతసేపు ఎందుకు చెప్తున్నానంటే, నా దృష్టిలో ఈ నవల ఇన్నాళ్ళు బతకడానికి సగం కారణం అదే. అందరూ దీన్ని ప్రేమకథ అంటారు గానీ తెరిచి చూస్తే మొదటి వాక్యం నుంచీ ఆస్తి లెక్కలే. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు, ఆయన ఫ్రెండ్ బింగ్లీకి నాలుగైదు వేలు, ఎలిజబెత్ వాళ్ళ నాన్న బెన్నెట్ గారికి 2,000. బెన్నెట్ గారికి ఐదుగురు కూతుళ్ళు, ఆయన పోతే ఇల్లూ పొలం అన్నీ కాలిన్స్ అనే ఒక దాయాదికి పోతాయి, ఎందుకంటే ఆ ఆస్తి మగవాళ్ళకే దక్కాలని ముందే రాసిపెట్టి ఉంది. ఆ కాలిన్స్ ఎలిజబెత్‌ని పెళ్ళి చేసుకోమని అడుగుతూనే, నీ వాటాకి వచ్చేది వెయ్యి పౌండ్లే, అదీ మీ అమ్మ పోయాకే, అయినా నేను దెప్పనులే అన్నట్టు మాట్లాడతాడు! ఆవిడ కాదంటే ఆవిడ ఫ్రెండ్ షార్లెట్, వయసు 27, ప్రేమా గీమా ఏం లేకుండా అతన్నే చేసుకుంటుంది, తనకంటూ ఒక ఇల్లు కావాలని. షార్లెట్‌ని ఆస్టెన్ తిట్టదు, జాలీ పడదు, అదే నాకు ఆ పుస్తకంలో అన్నింటికన్నా నచ్చే విషయం.

ఇదంతా ఆవిడకి ఊహించి రాయాల్సిన పని లేదు. వాళ్ళ మేనత్త ఫిలడెల్ఫియా కట్నానికి డబ్బుల్లేక, మొగుణ్ణి వెతుక్కుంటూ 1752లో ఓడెక్కి ఎక్కడికొచ్చిందో తెలుసా, మన మద్రాసుకి! ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాల్లో ఉన్న తెల్లవాళ్ళకి ఇక్కడ పెళ్ళికూతుళ్ళు దొరికేవారు కాదు కాబట్టి అలా ఓడల్లో అమ్మాయిలు వచ్చేవారు. కొన్ని నెలల్లోనే కడలూరులో హ్యాంకాక్ అనే కంపెనీ డాక్టర్‌తో పెళ్ళైపోయింది. వాళ్ళ కూతురు ఎలైజా పుట్టింది కలకత్తాలో. ఆ ఎలైజా మొదటి భర్త ఫ్రెంచి విప్లవంలో చనిపోయాక, జేన్ అన్న హెన్రీ ఆవిణ్ణి చేసుకున్నాడు, అంటే అచ్చంగా మేనరికమే.

ఇక జేన్ సంగతి. 1802 డిసెంబర్‌లో హ్యారిస్ బిగ్-విదర్ అనే, పెద్ద ఎస్టేట్‌కి వారసుడైన అబ్బాయి అడిగితే రాత్రి సరే అంది, తెల్లారేసరికి వద్దంది. ఆ సంబంధం చేసుకుని ఉంటే ఆవిడా, తల్లీ, అక్కా హాయిగా బతికేవాళ్ళు. 1805లో తండ్రి పోయాక ఈ ముగ్గురూ అన్నదమ్ములు ఇచ్చే డబ్బు మీదా, ఊరూరా అద్దె ఇళ్ళ మీదా గడిపారు, 1809లో ఒక అన్న చాటన్‌లో ఇల్లు ఇచ్చేదాకా. ఆ ఇంట్లో కూర్చునే పాత రాతప్రతిని మళ్ళీ చెక్కి ఇప్పుడు మనం చదివే నవల చేసింది.

1817లో 41 ఏళ్ళకే చనిపోయింది. వించెస్టర్ కెథెడ్రల్‌లో సమాధి రాయి మీద ఆవిడ మంచితనం గురించి చాలా రాశారు గానీ నవలలు రాసిందన్న ముక్క లేదు. పేరు లోకానికి చెప్పింది హెన్రీ, అదీ ఆవిడ పోయాకే. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్ళు ఇంగ్లండ్‌లో కొత్త ఎడిషనే లేదు. 1833లో బెంట్లీ అనే పబ్లిషర్ చౌక సిరీస్‌లో వేశాక నెమ్మదిగా అమ్మకాలు సాగాయి. అందరికీ నచ్చిందనీ కాదు, నవలా రచయిత వాల్టర్ స్కాట్ మూడోసారి చదివానని డైరీలో రాసుకుంటే, 1848లో ఇంకో రచయిత్రి షార్లెట్ బ్రాంటీ మాత్రం ఇదంతా కంచె కట్టి నీటుగా పెంచిన తోటలా ఉంది, ఊపిరాడదు అన్నట్టు విసుక్కుంది.

అసలు క్రేజ్ మొదలైంది 1870 ప్రాంతంలో, మేనల్లుడు (అన్న కొడుకు, మన లెక్కలో మేనల్లుడే) ఆవిడ జీవితచరిత్ర రాశాక. 1894లో హ్యూ థామ్సన్ బొమ్మలతో, బంగారు నెమలి అట్టతో ఒక ఎడిషన్ వచ్చింది, దానికి ముందుమాట రాసిన సెయింట్స్‌బరీ అనే ప్రొఫెసరే ఈ అభిమానులకి జేనైట్లు అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇది ఆడవాళ్ళ పుస్తకం అని కొందరు తేలిగ్గా తీసేస్తారు గానీ ఆ రోజుల్లో ఆవిణ్ణి పైకెత్తిన వాళ్ళలో మగ ప్రొఫెసర్లు చాలామంది, 1924లో కిప్లింగ్ రాసిన కథలోనైతే యుద్ధంలో ఫిరంగుల దగ్గరుండే సైనికులే జేనైట్లు.

సినిమాలు కథని ఇంకో దారి పట్టించాయి. 1940లో హాలీవుడ్ తీసింది, స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకరు నవలా రచయిత ఆల్డస్ హక్స్‌లీ. 1995లో బీబీసీ ఆరు ఎపిసోడ్లు వేసింది, డార్సీ చెరువులో దూకి తడిసిన చొక్కాతో నడిచొచ్చే సీన్ దెబ్బకి అంతా మారిపోయింది, ఇప్పటికీ జనం ఆ చెరువు చూడ్డానికి లైమ్ పార్క్‌కి వెళ్తుంటారు. పుస్తకంలో ఆ చెరువు సీనే లేదు, ఆయన గుర్రపుశాల వైపు నుంచి మామూలుగా నడిచి వస్తాడు. తర్వాత ఇదే కథని ఈ కాలం లండన్‌కి మార్చిన బ్రిడ్జెట్ జోన్స్, 2005లో కీరా నైట్లీ సినిమా, 2009లో జాంబీలు కలిపిన నవల కూడా. కాపీరైట్ లేదు కాబట్టి అడిగేవాళ్ళు లేరు, ఎవరికి తోచినట్టు వాళ్ళు వాడుకున్నారు.

మన వైపు ఈ నవల ఆధారంగా 1985లో దూరదర్శన్‌లో తృష్ణ అనే హిందీ సీరియల్ వచ్చింది, 2004లో గురిందర్ చద్దా ఐశ్వర్యారాయ్‌తో దీన్నే అమృత్‌సర్ కథగా మార్చి సినిమా తీసింది. తెలుగువాళ్ళు ఈ నవల చదవకపోయినా ఆస్టెన్‌ని చూసే ఉంటారు, 2000లో వచ్చిన ప్రియురాలు పిలిచింది (తమిళ డబ్బింగ్) ఆవిడ ఇంకో నవల సెన్స్ అండ్ సెన్సిబిలిటీయే, అందులోనూ ఆస్తి పోయి రోడ్డున పడ్డ అక్కచెల్లెళ్ళే. యద్దనపూడి నవలల్లో కారు దిగే పొగరుబోతు డబ్బున్న హీరోనీ, వాణ్ణి లెక్కచెయ్యని మధ్యతరగతి అమ్మాయినీ చదివి పెరిగిన మా అమ్మ తరానికి డార్సీ కొత్తగా పరిచయం చెయ్యాల్సిన మనిషేం కాదు. ఇక బెన్నెట్ గారి కూతుళ్ళ సమస్య మనకి మరీ పాతదేం కాదు, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వాటా ఇచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో 1986లో వచ్చింది, దేశం మొత్తానికి 2005లో.

2017లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆవిడ బొమ్మతో 10 పౌండ్ల నోటు వేసింది. నవలకి ఆవిడకి ముట్టింది ఇప్పుడా నోట్లు పదకొండు. బొమ్మ కింద ఆవిడ మాటే వేద్దామని, చదవడంలో ఉన్న ఆనందం ఇంకెందులోనూ లేదు అనే వాక్యం ఈ నవల్లోంచే తీసుకున్నారు. నవల్లో ఆ మాటనేది బింగ్లీ చెల్లెలు కారొలైన్. డార్సీ మొదటి భాగం చదువుతున్నాడని ఆయన్ని మెప్పించడానికి రెండో భాగం చేతిలో పట్టుకుని, తన పేజీని ఎంత చూస్తే ఆయన చదివేదాన్నీ అంతే చూసి, పెద్దగా ఆవలించి మరీ అంటుంది.