పాత ఫ్రెంచ్ బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మూడు రంగుల జెండా పట్టుకుని శవాల మీదుగా నడిచొచ్చే స్త్రీ బొమ్మ 1789 విప్లవానిది.

పోటీ పరీక్షల నోట్సులో, జూలై 14 పోస్టుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. చిత్రకారుడు దెలాక్రువా గీసింది 1830 జూలై 27, 28, 29 తేదీల్లో పారిస్‌లో జరిగిన తిరుగుబాటును. దాంతో పదో చార్లెస్ గద్దె దిగాడు గానీ రాచరికం పోలేదు, లూయీ ఫిలిప్ వచ్చి కూర్చున్నాడు. బొమ్మను పెద్దది చేసి కుడివైపు చూడండి. పొగలో నోత్రదామ్ బురుజులు, ఒకదాని మీద చిన్న మూడు రంగుల జెండా కనిపిస్తాయి. 1815 నుంచి 1830 దాకా రాజుల జెండా తెల్లది. అందుకే ఆ చిన్న జెండాకు అంత విలువ. పైగా 1789 జూలై 14న బాస్టీల్ కోట జైలు కూలిన నాటికి మూడు రంగుల జెండా అనేదే లేదు.

అపోహ: ఆ కాలంలోనే గీశారంటే ఉన్నది ఉన్నట్టు గీశారని.

రాజ్యాంగం రాసేదాకా విడిపోమని ప్రజాప్రతినిధులు చేసిన టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ జరిగింది 1789 జూన్ 20న. చిత్రకారుడు దావీద్ దాని చిత్తురూపాన్ని ప్రదర్శనకు పెట్టింది 1791లో. ముందువరుసలో ముగ్గురు మతపెద్దలు చేతులు కలుపుకుంటూ ఉంటారు: తెల్లటి అంగీలో సన్యాసి దోమ్ జెర్ల్, కాథలిక్ పూజారి గ్రెగ్వార్, ప్రొటెస్టెంట్ పాస్టర్ రబో సెంతెత్యెన్. మతాలన్నీ కలిసి జాతి అయిందని చెప్పడానికి పేర్చిన కూర్పు ఇది. నిజానికి జెర్ల్ ఆ రోజు అక్కడ లేనే లేడు! కానీ కుడిపక్క చివర చేతులు కట్టుకుని కూర్చున్న మార్తిన్ దోష్ మాత్రం నిజం, ప్రమాణం చేయనన్నది అతనొక్కడే. ఒకే బొమ్మలో కల్పనా ఉంటుంది, సాక్ష్యమూ ఉంటుంది. పెద్ద వర్ణచిత్రం మాత్రం పూర్తికాలేదు. ప్రమాణం చేయించిన బెయీ, పాస్టర్ రబో ఇద్దరూ 1793లో తలలు నరికే యంత్రం గిలొటిన్‌కే బలయ్యారు. నిన్నటి వీరులు నేటి ద్రోహులైపోతుంటే గీసేదెవరిని?

అపోహ: విప్లవకారుల బొమ్మల్లో దేవుడికి చోటుండదు.

1793 బొమ్మలకు ఇది చాలావరకు సరిపోతుంది, 1848 విప్లవపు బొమ్మలకు సరిపోదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి చరిత్ర పుస్తకం మొదట్లోనే ఫ్రెంచ్ చిత్రకారుడు సోరియూ 1848లో గీసిన లిథోగ్రాఫ్ (రాతిపలక అచ్చు) ఉంటుంది. జాతులన్నీ ఊరేగింపుగా స్వేచ్ఛ విగ్రహం వైపు నడుస్తుంటాయి. మేఘాల్లో క్రీస్తు, పునీతులు, దేవదూతలు ఉంటారు, నేల మీద రాచరికాల గుర్తులు ముక్కలై పడి ఉంటాయి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో స్వేచ్ఛావృక్షాలు నాటితే పూజారులే వచ్చి ఆశీర్వదించారు. పాఠం చెప్పేటప్పుడు పై సగం కత్తిరించి చూపిస్తే అసలు విషయమే పోతుంది.

అపోహ: కాగితం పసుపుపచ్చగా ఉంటే పాత అచ్చే.

పసుపు రంగు చూసి మోసపోకండి. చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితం ఇంకా తొందరగా పసుపెక్కుతుంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు, ఈ వరసలో చూడండి.

ముందు గీతలు. చుక్కలు గళ్లుకట్టినట్టు వరసగా ఉంటే అది ఫొటో నుంచి తీసిన హాఫ్‌టోన్, 1880ల తర్వాతిది. గీత పెన్సిలు రాసినట్టు గరుకుగా ఉంటే లిథో కావచ్చు. రాతిపలక మీద గీసి తీసే ఆ పద్ధతి పారిస్‌లో వ్యాపారంగా నిలదొక్కుకున్నది 1816 ప్రాంతంలో. అంటే బాస్టీల్ పతనం లిథోలో కనిపిస్తే, అది కనీసం పాతికేళ్ల తర్వాతి మాట.

తర్వాత అంచులు. రాగిపలకతో తీసిన అచ్చుకు చుట్టూ పలక నొక్కుడు పడుతుంది, వేలితో తడిమినా తెలుస్తుంది. అంచులు కత్తిరించేస్తే ఆ గుర్తూ పోతుంది. ఒకవేళ ఉన్నా సంబరపడొద్దు. లూవ్ర్ మ్యూజియం అచ్చు విభాగం పాత రాగిపలకలతో ఇప్పటికీ కొత్త అచ్చులు తీసి అమ్ముతోంది.

అందుకే చివర కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. 18వ శతాబ్దపు చేతి కాగితంలో చాలావరకు సన్నటి దగ్గర గీతలూ, వాటికి అడ్డంగా దాదాపు 25 మిల్లీమీటర్లకొకటి చొప్పున గొలుసు గీతలూ కనిపిస్తాయి.

అపోహ: పేరు తిరగబడి ఉంటే అది అచ్చుతప్పు.

పారిస్‌లో రూ సెంజాక్ వీధి అంగళ్లు 18వ శతాబ్దంలో అమ్మిన దృశ్యచిత్రాల్లో పైన పేరు కావాలనే అద్దంలో చూసినట్టు చెక్కేవాళ్లు. వాటిని కటకం, అద్దం ఉన్న పెట్టెలో పెట్టి చూసేవాళ్లు కాబట్టి పేరు సరిగ్గా కనిపించేది. ముదురు ఎరుపు, నీలం రంగులు చేత్తో పూసినవే. గీత దాటిపోయాయని నకిలీ అనుకోకండి.

పేరు సరిగ్గా ఉండి మనుషులు మాత్రం ఎడమచేత్తో రాస్తుంటే, కత్తి కుడి నడుముకు వేలాడుతుంటే సంగతి వేరు. ఒక అచ్చును చూసి ఇంకొకడు నేరుగా పలక మీద చెక్కిన నకలు అయ్యుంటుంది.

అపోహ: రాజు తల నరికిన బొమ్మలన్నీ ఒకటే.

పీఠం చూడండి. 1793 జనవరి 21న పదహారో లూయీని చంపినప్పుడు చౌకులోని పాత విగ్రహపు పీఠం ఖాళీగా ఉంది. స్వేచ్ఛ విగ్రహాన్ని అక్కడ నిలబెట్టింది ఆగస్టులో. లూయీదని చెప్పే బొమ్మలో ఆ విగ్రహం కనిపిస్తే చిత్రకారుడు తర్వాత గీశాడు, లేదా అది అక్టోబరులో మేరీ ఆంటోనెట్‌ను చంపిన దృశ్యం.

తేదీ కోసం ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైటుకు వెళితే సంవత్సరం పక్కన చదరపు బ్రాకెట్లున్నాయేమో గమనించండి. ఉంటే ఆ ఏడు అచ్చు మీద ఉన్నది కాదు, జాబితా రాసినవారు కట్టిన అంచనా. బొమ్మ కిందే 'రెండో సంవత్సరం' అని ఉంటే అది చాలావరకు విప్లవ పంచాంగం లెక్క, 1793 సెప్టెంబరు 22 నుంచి 1794 సెప్టెంబరు 21 దాకా వస్తుంది.