పార్టీలు ఒకేలా ఉన్నాయని మొత్తుకున్నది కూడా ఈ ప్రొఫెసర్లే

అమెరికాలో ఎలక్షన్ సీజన్ వస్తే చాలు, పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్లు యూనివర్సిటీ హాళ్లలో, ఊరి లైబ్రరీల్లో పబ్లిక్ టాక్స్ మొదలెడతారు, దేశం ఇలా రెండుగా ఎందుకు చీలిపోయింది అని. కానీ 1950లో వీళ్ళ సంఘమే, అంటే అమెరికన్ పొలిటికల్ సైన్స్ అసోసియేషన్, షాట్‌ష్నైడర్ అనే ప్రొఫెసర్ చైర్మన్‌గా కమిటీ వేసి ఒక రిపోర్ట్ తెచ్చింది, అందులో గోలంతా దీనికి రివర్స్‌లో ఉంటుంది: రెండు పార్టీలకీ తేడానే తెలీట్లేదు, ఓటరు ఏం చూసి ఓటెయ్యాలి, పార్టీలు ఒక లైన్ తీసుకుని దానిమీద నిలబడాలి అని.

అప్పట్లో నిజంగానే కలగాపులగం. నార్త్‌లో యూనియన్ల లీడర్లూ, సౌత్‌లో నల్లజాతి వాళ్ళని ఓటు దగ్గరికి రానివ్వని తెల్ల నాయకులూ అందరూ డెమోక్రటిక్ పార్టీలోనే. జాతి వివక్షని నిషేధించే 1964 సివిల్ రైట్స్ బిల్లు సెనేట్‌లో 73-27తో పాసైంది కదా, ఆ వద్దన్న 27 మందిలో 21 మంది ప్రెసిడెంట్ జాన్సన్ సొంత పార్టీ డెమోక్రాట్లే! మిగతా ఆరుగురు రిపబ్లికన్లలో ఒకడు గోల్డ్‌వాటర్, ఆ ఏడు ప్రెసిడెంట్‌గా నిలబడి చిత్తుగా ఓడిపోయాడు, కానీ సొంత రాష్ట్రం అరిజోనా కాక గెలిచిన ఐదూ సౌత్ రాష్ట్రాలే. సౌత్ కరోలినా డెమోక్రాట్ సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ అప్పుడే రిపబ్లికన్ల వైపు గోడ దూకేశాడు.

సౌత్ ఓటర్లు మాత్రం అంత తొందరగా దూకలేదు, ముప్పై ఏళ్ళు పట్టింది. 1994లో రిపబ్లికన్ లీడర్ గింగ్రిచ్ టైంలో రిపబ్లికన్లు 40 ఏళ్ళ తర్వాత హౌస్ (మన లోక్‌సభ లాంటిది) గెలిచారు. అందుకే ఈ చీలికంతా ఫేస్‌బుక్ వల్లే అని ఎవరైనా అంటే నేనొప్పుకోను, అది వచ్చిందే 2004లో.

కొత్తగా వచ్చిందల్లా పగ. మీ పిల్లలు అవతలి పార్టీ ఇంటి సంబంధం చేసుకుంటే ఇబ్బందా అని 1960లో అడిగితే అవునన్నవాళ్ళు నూటికి ఐదుగురి దాకా, 2010కి వచ్చేసరికి రిపబ్లికన్లలో దాదాపు సగం, డెమోక్రాట్లలో మూడోవంతు. పొలిటికల్ సైన్స్ ప్రొఫెసర్ శాంటో అయ్యంగార్ వాళ్ళు 2012లో రాసిన పేపర్‌లో ఉందిది. మన పెళ్ళిళ్ళలో కులం అడిగినట్టు అక్కడ పార్టీ తయారైంది.

2020లో ప్రెసిడెంట్‌కి ఒక పార్టీని, హౌస్‌కి ఇంకో పార్టీని గెలిపించిన నియోజకవర్గాలు 435లో 16. మిగతా చోట్ల చాలావాటిలో గెలిచే పార్టీ ఏదో ముందే తెలుసు కాబట్టి నవంబర్ ఎలక్షన్‌కి ముందే, ప్రైమరీలోనే, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్‌లోనే, ఫలితం తేలిపోతుంది. టెక్సాస్‌లో అయితే ఓటరు లిస్టులో పార్టీ పేరు కూడా రాయించుకోనక్కర్లేదు, ఏదో ఒక ప్రైమరీలో ఎవరైనా వెయ్యొచ్చు. అయినా ప్రైమరీకి వచ్చేది తక్కువమందే, వచ్చేవాళ్ళలో పార్టీ పిచ్చి ఉన్నవాళ్ళే ఎక్కువ.