టీకా ఒంటబట్టిందా?

మా చిన్నాయన దేవరకొండ వైపు నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి నల్లగొండ వస్తాడు. హెపటైటిస్-బి టీకా నాలుగో డోసు పడిన నెలన్నరకు మళ్ళీ రక్తం తీస్తామన్నారు. "సూదులన్నీ అయిపాయె గదా, మల్ల నెత్తురెందుకు?" అన్నాడు.

తిన్నదంతా ఒంటబట్టనట్టే టీకా కూడా అందరికీ ఒంటబట్టదు. కిడ్నీలు వడకట్టాల్సిన మలినాలు రక్తంలో పేరుకుంటే రోగనిరోధక కణాలు మందగిస్తాయి. టీకాలోని వైరస్ ముక్కను గుర్తుపట్టి, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారుచేయించే టి-కణాలు సరిగా స్పందించవు. అందుకే మామూలు పెద్దవాళ్ళకు 20 మైక్రోగ్రాముల చొప్పున మూడు డోసులిస్తే, డయాలసిస్ వాళ్ళకు సాధారణంగా 40 చొప్పున నాలుగిస్తారు. అయినా చాలామందికి చాలదు. తెలిసేది రక్తపరీక్షతోనే: యాంటీబాడీలు లీటరుకు 10 యూనిట్లు, అంటే రిపోర్టులో కనిపించే మిల్లీలీటరుకు 10 మిల్లీయూనిట్లు, దాటితే రక్షణ ఉన్నట్టు. ఆ లెక్క తగ్గిపోతుంటుంది కాబట్టి ఏటా చూడాలి.

హెపటైటిస్-బికి ఇలా ఒక గీత ఉండటం అదృష్టమే. కోవిడ్‌కి అలాంటి గీత కుదరలేదు. పైగా మొదటి పెద్ద ట్రయల్స్‌లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళను చేర్చుకోలేదు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ లెక్కే లేదన్నమాట! 2021లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అలాంటి మందులు వాడే, అవయవ మార్పిడి జరిగిన 436 మందిని పరీక్షిస్తే, ఎంఆర్ఎన్ఏ (ఫైజర్, మోడర్నా తరహా) కోవిడ్ టీకా మొదటి డోసు తర్వాత 17 శాతం మందిలోనే యాంటీబాడీలు కనిపించాయి. 658 మందిని చూసిన తర్వాతి పరిశీలనలో, రెండో డోసు తర్వాత కూడా 54 శాతమే. ఆ ఆగస్టులోనే అక్కడ ఇలాంటివాళ్ళకు మూడో డోసు అనుమతించారు.

యాంటీబాడీలు లేనంత మాత్రాన రక్షణ అసలే లేదనలేం, టి-కణాలూ పోరాడతాయి. అందుకే జబ్బునే లెక్కపెడతారు. దగ్గు, జ్వరంతో వచ్చినవాళ్ళకు పరీక్ష చేసి, పాజిటివ్ వాళ్ళలో టీకా వేసుకున్నవాళ్ళెందరు, నెగెటివ్ వాళ్ళలో ఎందరు అని పోలుస్తారు. ఇందులోనూ తిరకాసుంది. మార్పిడి అయినవాళ్ళు భయంతో ఇల్లు కదలరు, జబ్బు తగలకపోతే ఆ ఘనత టీకాదా, గడపదా? వారానికి మూడుసార్లు బస్సెక్కక తప్పని చిన్నాయన లాంటివాళ్ళను వాళ్ళతో కలిపి ఒకే గాటన కడితే లెక్క తప్పుతుంది.

చిన్నాయన రిపోర్టులో 6 వచ్చింది. డాక్టరు మళ్ళీ మొదటి డోసు నుంచి రాశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈసారన్న పది దాటాలె" అన్నాడు.