ఛాతీలో చోటు, గుండె మీద బరువు

170 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక పురుషుడు, అంతే ఎత్తున్న ఒక స్త్రీ. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. గట్టిగా, ఇంక పట్టదు అనేంత గాలి పీల్చమంటే పురుషుడి ఊపిరితిత్తుల్లో సుమారు ఆరున్నర లీటర్లు పడుతుంది. స్త్రీకి అయిదున్నర కూడా దాటదు. అతనికున్నంత ఊపిరితిత్తులు ఆమెకూ ఉండాలంటే ఆమె దాదాపు 186 సెంటీమీటర్ల పొడగరి అయ్యుండాలి. ఊపిరితిత్తులో గుండో ఒకరి నుంచి ఇంకొకరికి మార్చేటప్పుడు ఇలాంటి సైజు తేడాలే కీలకం.

ఈ లెక్క మీరూ వేసుకోవచ్చు. మీ ఎత్తును మీటర్లలో తీసుకోండి. పురుషులైతే 7.99తో గుణించి 7.08 తీసేయండి. స్త్రీలైతే 6.60తో గుణించి 5.79 తీసేయండి. వచ్చేది లీటర్లలో మీ ఊపిరితిత్తుల అంచనా సామర్థ్యం. ఇందులో బరువు ఎక్కడా లేదు, గమనించారా? యాభై కిలోల మనిషి ఎనభై కిలోలకు చేరితే పొట్ట పెరుగుతుంది కానీ పక్కటెముకల గూడు పెరగదు.

ఊపిరితిత్తుల మార్పిడికి దాత దొరికినప్పుడు, బ్లడ్ గ్రూపు కలిసిందని తేలాక డాక్టర్లు చూసే ముఖ్యమైన అంకె ఇదే. దాత లీటర్లను గ్రహీత లీటర్లతో భాగిస్తారు. జవాబు ఒకటికి దగ్గరగా వస్తే సైజు కలిసినట్టు. ఒకటికి కాస్త పైన ఉన్నా ఫర్వాలేదు, చాలాసార్లు అదే మేలు. మరీ పెద్దవైతే మాత్రం ఛాతీలో పూర్తిగా విచ్చుకోలేక అక్కడక్కడా ముడుచుకుపోతాయి. గాలి అందని ఆ భాగాల్లో ఇన్ఫెక్షన్ చేరుతుంది.

పెద్దవైతే పట్టవు, సరే. చిన్నవైతే ఏం పోయింది, చోటు మిగులుతుంది అంతే కదా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. గుండె నిమిషానికి పంపే సుమారు అయిదు లీటర్ల రక్తమంతా ఊపిరితిత్తుల గుండానే వెళ్లాలి. అవి చిన్నవని గుండె తగ్గించి పంపదు. సన్నని రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగి, నీరు ఊరి గాలి గదుల్లోకి దిగుతుంది. దానికి తోడు వెంటిలేటర్ ఉంది. గ్రహీత ఒంటిని బట్టి గాలి పరిమాణం పెడితే, చిన్న ఊపిరితిత్తులకు అది మోతాదుకు మించి సాగదీసే గాలి అవుతుంది. అందుకే మార్పిడి తర్వాత వెంటిలేటర్‌లో అంకె పెట్టేటప్పుడు దాత ఎత్తు ఎంతో కూడా తెలిసి ఉండాలి.

పైగా జబ్బు ఛాతీ ఆకారాన్నే మార్చేస్తుంది. ఎంఫసీమా, అంటే గాలి గదులు దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్లలో గాలి లోపలే చిక్కుకుని ఛాతీ పీపాలా ఉబ్బుతుంది, కింద డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) చదునుగా అణిగిపోతుంది. ఫైబ్రోసిస్‌లో ఊపిరితిత్తులు గట్టిపడి ముడుచుకుపోతాయి, డయాఫ్రమ్ పైకి లాక్కుపోతుంది. ఒకే ఎత్తున్న ఇద్దరు మగవాళ్లలో ఒకరికి మొదటి జబ్బు, ఇంకొకరికి రెండోది ఉన్నా సూత్రం ఒకే జవాబు ఇస్తుంది. ఎక్స్‌రే చూస్తే మాత్రం ఒకరి ఛాతీలో బోలెడంత చోటు, ఇంకొకరిలో ఇరుకు.

గుండె దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. 1967 డిసెంబర్‌లో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారి ఒక మనిషి గుండెను ఇంకొక మనిషికి అమర్చారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు బరువే కొలమానం. దాత బరువు గ్రహీత బరువు కంటే 30 శాతానికి మించి తక్కువ కాకపోతే చాలనుకునేవారు. సులువైన సూత్రమే, కానీ అది మనిషిలోని కొవ్వును కూడా గుండె ఖాతాలో రాసేసింది. ఎంఆర్ఐ స్కాన్లతో వేలమంది గుండెల్ని కొలిచాక ఎత్తు, బరువు, వయసు, స్త్రీపురుష భేదం కలిపి గుండె కండరం ఎన్ని గ్రాములుంటుందో అంచనా కట్టే సూత్రం వచ్చింది. 40 ఏళ్ల వయసు, 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న పురుషుడికి ఆ సూత్రం సుమారు 170 గ్రాములు చూపిస్తుంది, అవే కొలతలున్న స్త్రీకి 144. తూకం యంత్రం మీద ఇద్దరూ సమానమే, గుండెలో తేడా దాదాపు 15 శాతం. గ్రహీతకు ఉండాల్సిన దానికంటే దాత గుండె అంతకు మించి చిన్నదైతే ప్రాణాపాయం పెరుగుతుందని తేలింది. ఈ కొలత రావడం నిజంగా పెద్ద మేలు. బరువు ఒక్కటే చూసి వద్దన్న మంచి గుండెలు ఎన్నో ఉండి ఉంటాయి.

చిన్న గుండె ఎలా నెట్టుకొస్తుంది? మామూలు గుండె కొట్టుకున్నప్పుడల్లా 70 మిల్లీలీటర్లు పంపుతుంది, నిమిషానికి 70 సార్లు. చిన్నది 50 మిల్లీలీటర్లే పంపగలిగితే, అంతే రక్తానికి 98 సార్లు కొట్టుకోవాలి. మార్పిడిలో గుండె వేగాన్ని అదుపులో ఉంచే నరాలు తెగిపోతాయి కాబట్టి కొత్త గుండె ఎలాగూ కాస్త వేగంగానే, 90 నుంచి 110 మధ్య కొట్టుకుంటుంది. అది కొంత ఆదుకుంటుంది. కానీ గ్రహీత ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం ఎక్కువగా ఉంటే ఆ ఆసరా చాలదు. తక్కువ పీడనానికి అలవాటుపడ్డ కుడి జఠరిక (ఊపిరితిత్తులకు రక్తం పంపే గుండె గది) ఒక్కసారిగా ఆ బరువు మోయలేక ఉబ్బి చతికిలపడుతుంది. అలాంటివాళ్లకు కావాలనే కాస్త పెద్ద గుండె వెతుకుతారు.

పెద్దదైతే ఏమవుతుందో ఆపరేషన్ థియేటర్‌లోనే కనిపిస్తుంది. కొత్త గుండె చక్కగా కొట్టుకుంటూ ఉంటుంది. కోసిన రొమ్ము ఎముక రెండు సగాలను సర్జన్ దగ్గరికి తెస్తారు. తెరమీద బీపీ పడిపోతుంది. వదిలేస్తే మళ్లీ లేస్తుంది. ఎముక గుండెను నొక్కుతోందన్నమాట, నిండడానికి దానికి చోటు లేదు. అప్పుడు ఎముకను కలపకుండా పైన కప్పి ఐసీయూకి పంపి, వాపు తగ్గాక కొన్ని రోజులకు మూస్తారు. జబ్బుతో బాగా సాగిపోయిన గుండెను తీసేసిన చోట ఈ ఇబ్బంది తక్కువ, పాత గుండె చేసిపెట్టిన ఖాళీ ఉంటుంది కనుక.

ఊపిరితిత్తుల కోసం ఎదురుచూసేవాళ్లలో పొట్టివాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు, నిరీక్షణ ఎక్కువ. వచ్చే దాతల్లో చాలామంది వాళ్లకంటే పొడగరులు. ఇది నాకు మింగుడుపడని విషయం. జబ్బు తీవ్రత ఒకటే అయినా, ఎత్తు తక్కువైనందుకు ఊపిరి కోసం ఇంకా ఆగాల్సి రావడం అన్యాయం. దీనికి సర్జన్లు కనిపెట్టిన దారి కోత. అంచుల్ని స్టేప్లర్‌తో కత్తిరించి తగ్గిస్తారు, లేదా ఒక్క లోబ్, అంటే ఊపిరితిత్తిలోని ఒక భాగం, మాత్రమే అమరుస్తారు. మరీ చిన్న ఛాతీకైతే పెద్ద దాత ఎడమ ఊపిరితిత్తినొక్కదాన్నే రెండు చేస్తారు. దాని కింది లోబ్ గ్రహీతకు ఎడమ పక్కకు వెళుతుంది, పై లోబ్‌ను తిప్పి కుడి పక్కన కుడతారు.